ఒకటో తరగతికి వచ్చిన చుట్టం

ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే తల నెరవాలంటారు. నాకింకా నెరవలేదు. కానీ నాలుగేళ్ళు ఒకటో తరగతిలోనే ఉండి, పోయిన జూన్‌లో రెండో తరగతికి వెళ్ళాను. ఒకటి దాటడానికి నాలుగేళ్ళు పట్టిన మనిషి మా కోయంబత్తూరు సింగానల్లూరులో ఇంకొకడు లేడు. ఆ అర్హతతోనే రాస్తున్నాను.

ఒకటో తరగతిలో నా కుర్చీలోకి ఇప్పుడో కొత్త మాస్టరు వచ్చాడు. "చిన్నపిల్లలకి ఇంగ్లీషు ఆటపాటలతో ఎలా నేర్పించాలి సార్?" అని అడిగాడు. నన్నెవరైనా సార్ అంటే వెనక్కి తిరిగి చూసే అలవాటు నాకింకా పోలేదు. వెనక ఎవరూ లేరు. అందుకని చెప్పక తప్పడం లేదు.

మా బడి మిల్లుల వెనక, లేతు మిషన్ల షెడ్ల మధ్య ఉంది. పిల్లల తల్లిదండ్రులు షెడ్లలో, మిల్లుల్లో, కార్పొరేషన్ పనుల్లో ఉంటారు. అందరివీ తెలుగు ఇళ్ళే. ఎన్ని వందల ఏళ్ళ కిందట ఈ వైపుకి వచ్చామో ఎవరికీ సరిగా తెలియదు. ఒక్కో ముసలాయన ఒక్కో రాజు పేరు చెప్తాడు. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు మా నోటికి వచ్చు, చేతికి రాదు. నేను అక్షరాలు నేర్చుకున్నది కాలేజీ అయ్యాక, పంతం కొద్దీ. కాబట్టి ఈ రాతలో ఎక్కడైనా కాలు జారితే నవ్వుకోండి, మేమూ అదే పని చేస్తాం.

నేను ఆ వీధుల్లోనే పుట్టాను. తరగతిలో సగం మంది నన్ను మాటలు వచ్చినప్పటి నుంచీ మామా అంటున్నవాళ్ళే. బడిలో సార్ అనాలని మా హెచ్.ఎం. మేడం ఆజ్ఞ. ఆవిడది మేలూరు. అక్కడ గ్రానైటు తవ్వుతారు. ఆవిడ నవ్వు కూడా ఆ క్వారీలోంచే, అంతే కష్టం మీద బయటికొచ్చేది. పిల్లలు ఆవిడ మాటా తీసెయ్యలేదు, వాళ్ళ మాటా వదులుకోలేదు. నేను 'మామా సార్' అయ్యాను.

మొదటి ఏడాది సంగతి చెప్తాను. శిక్షణలో మాకు చెప్పింది ఏమిటంటే, బట్టీ వద్దు, ఆడించు, పాడించు, నువ్వే ఆడు. నాకు సిగ్గు పుట్టుకతోనే లేదు. కప్పలా గెంతాను. కోతిలా గోక్కున్నాను. బల్ల మీదకెక్కి 'అప్', బల్ల కిందకి దూరి 'డౌన్' అన్నాను. పిల్లలు పడీ పడీ నవ్వారు. పక్క తరగతి పిల్లలు కిటికీలకి వేళ్ళాడారు.

"ఇంకోతూరి గెంతు మామా సార్!" అన్నారు. తెలుగులో.

నేను ఇంగ్లీషులో అడుగుతాను, వాళ్ళకి అర్థమవుతుంది, జవాబు తెలుగులో వస్తుంది. 'వాట్ ఈజ్ దిస్' అంటే 'కప్ప' అంటారు. 'ఇన్ ఇంగ్లిష్?' అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. రావడం లేదని కాదు. వస్తుంది, నోట్లోనే ఉంచుకుంటారు. ఏడాది చివరికి ఆ తరగతిలో బాగా ఇంగ్లీషు నేర్చుకున్న కప్పని నేనొక్కణ్ణే.

రెండో ఏడాది ముందు వరసలో ఒక పిల్ల ఉండేది. రిబ్బను ఒక జడకే ఉంటుంది, రెండోది ఎక్కడో పారేసుకుని ఉంటుంది. ప్రశ్నలు మాత్రం పారేసుకోదు. కొత్త తరగతి మొదలైన కొన్నాళ్ళకే లేచి నిలబడింది.

"మామా సార్, నీకు తెలుగు వస్తాది కదా?"

"వస్తుంది."

"తమిళం కూడా వస్తాది కదా?"

"వస్తుంది."

"మళ్ళీ ఏంటికి నాతో ఇట్ల మాట్లాడతావు? నేనేం చేస్తిని?"

అందులో కోపం లేదు. చిన్నబుచ్చుకోవడం ఉంది. శిక్షణలో ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేదు. నేను కప్పలా గెంతి తప్పించుకున్నాను.

ఆ సాయంత్రం వాళ్ళ ఇంటి మీదుగానే పోతున్నాను. వాళ్ళవ్వ వాకిట్లో కూర్చుని, పాలక్కాడు నుంచి అరటికాయ చిప్సు తెచ్చి అమ్మే ఆయనతో మలయాళంలో మాట్లాడుతోంది. ఆయన పాతికేళ్ళుగా మా వీధుల్లో తిరుగుతున్నాడు, తమిళం మాకన్నా బాగా మాట్లాడతాడు. అవ్వ మలయాళం మాత్రం గతుకుల రోడ్డు మీద టౌను బస్సులాగా పోతోంది. ఆయన వెళ్ళాక అడిగాను.

"అవ్వా, ఆయనకి తమిళం వచ్చు కదా. ఎందుకంత అవస్థ?"

"మన వాకిటికొచ్చినోడు మన బాష కోసం తడుముకుంటే మనకేం మర్యాదరా? వాని బాషలో రెండు మాటలన్నా అడగాల. నీళ్ళు కావాల్నా, అన్నం తింటివా. అంత చాలు. మిగిలింది వాడే మాట్లాడతాడు."

"మరి మనవాళ్ళతో?"

"మనోళ్ళతో మన బాష. మనోనితో పైబాష మాట్లాడితే దాని పేరు వేరే." ఆవిడ వీధి చివరి ఇంటివైపు గడ్డంతో చూపించింది. "కంప్యూటరు పనికి పోయొచ్చి వాడు వాళ్ళత్తతో ఇంగ్లీషులో మాట్లాడె. కాపీ ఇచ్చిందనుకున్నావా? లే. నీళ్ళిచ్చింది. అదీ చిన్న గ్లాసులో."

నేను అక్కడే నిలబడిపోయాను అని రాస్తే బాగుంటుంది. నిజానికి వెనక నుంచి ఆటో హారను కొట్టింది, పక్కకి తప్పుకున్నాను. కానీ తప్పుకుంటూ తప్పుకుంటూనే నాకు విషయం అర్థమైంది. ఇంతకాలం నేను ఒక తరగతి పిల్లల్ని, నాతో పొగరుగా మాట్లాడండర్రా అని గెంతి మరీ బతిమాలుతున్నాను. వాళ్ళు మంచి ఇళ్ళలో పెరిగిన పిల్లలు. ఒప్పుకోలేదు.

కాబట్టి నాకు కావలసింది ఇంకో పాట కాదు. ఒక చుట్టం. తెలుగు రానివాడు, తమిళం రానివాడు, మా వాకిటికొచ్చినవాడు.

మా అత్త అవినాశిలో బనీన్లు కుట్టే కంపెనీలో పని చేస్తుంది. కత్తిరింపుల్లో మిగిలిన గుడ్డ ఇంటికి తెస్తుంది. ఒక ఏనుగు బొమ్మ కుట్టివ్వమన్నాను, చెయ్యి దూర్చి ఆడించేలాగా. ఆదివారానికి కుట్టిచ్చింది. చెవులు ఒకటి ఎరుపు, ఒకటి పచ్చ. తొండం మధ్యలో గుడ్డ అయిపోయింది.

"ఇదేంటత్తా, పందిలాగుంది?"

"ఏనుగని నువ్వు చెప్పు, వాళ్ళు నమ్ముతారు. మాస్టరువి కదా."

పిల్లలు నమ్మలేదు. పంది అని ఒకడు, ఎలుక అని ఒకడు. మా దేశంలో ఇలాంటిది లేదని అందరూ ఒప్పుకున్నారు. పరదేశి అనడానికి ఇక నేను కష్టపడనక్కరలేకపోయింది. దానికో కుర్చీ వేశాను. "ఈయన చాలా దూరం నుంచి వచ్చాడు. తెలుగు రాదు, తమిళం రాదు. ఇంగ్లీషొక్కటే కొంచెం వచ్చు. నేనేమీ చెప్పను, మీరే చూసుకోండి" అని కుర్చీ వెనక కూర్చుని చెయ్యి దూర్చాను.

నోరు నాదని వాళ్ళకి తెలుసు. నా మోకాళ్ళు అటూ ఇటూ కనిపిస్తూనే ఉన్నాయి. అయినా మర్యాద చుట్టానిది కదా.

మొదట లేచింది ప్రశ్నల పిల్లే. తన సీసా మూత తీసి ముందుకి చాపింది.

"వాటర్?"

"థాంక్యూ" అన్నాడు చుట్టం. "వెరీ కోల్డ్!"

తరగతి ఊపిరి వదిలింది. ఇంకొకడు లేచాడు. "యూ ఈట్ ఇడ్లీ?"

"వాట్ ఈజ్ ఇడ్లీ?"

అంత పెద్ద కష్టం వాళ్ళకి అంతకుముందు రాలేదు. ఇడ్లీ తెలియని ప్రాణి ఎదురుగా కూర్చుని ఉంది, దానికి చెప్పాలి. ఒకడు గాల్లో సున్నా చుట్టాడు. "రౌండ్!" వెనక నుంచి ఇంకొకరు, "వైట్!" ఆ మూల నుంచి, "సాఫ్ట్! అమ్మా మేక్!" గోడ మీది చార్టులో నెలల తరబడి వేళ్ళాడిన మాటలవి. ఒక్కటొక్కటే దిగివచ్చి ఇడ్లీ అయ్యాయి. "సండే నో ఇడ్లీ. సండే పూరీ" అని ముగించింది ప్రశ్నల పిల్ల.

కొత్తగా వచ్చిన మాస్టరుకి నేను చెప్పేది ఇంతే. ఆ రోజు నుంచి నా నోటితో నేను ఒక్క ఇంగ్లీషు ముక్క మాట్లాడలేదు. బొమ్మ మాట్లాడింది. నేను మామా సార్‌నే. ఆటలూ పాటలూ మానెయ్యలేదు. చుట్టానికి నేర్పించడానికి పిల్లలే ఆడారు, పిల్లలే పాడారు. కప్పగెంతులు నాకు తప్పాయి. మొదటి పూర్తి వాక్యం కూడా త్వరలోనే వచ్చింది. గులాబీ గురించో చందమామ గురించో కాదు. "హీ టేక్ మై పెన్సిల్. ఎవ్రీ డే హీ టేక్!" పితూరీ. చుట్టం విచారణ జరిపాడు. ముద్దాయి కూడా ఇంగ్లీషులోనే వాదించుకోవలసి వచ్చింది. "నో! షీ గివ్! షీ ఫర్గెట్!" ఆ కేసు వారం నడిచింది. ఆ వారంలో నేర్చుకున్నంత భాష నా గెంతుల ఏడాదిలో ఎవరూ నేర్చుకోలేదు.

అంతా బాగుంటే జ్ఞాపకం ఎందుకవుతుంది? తల్లిదండ్రులు వెళ్ళి మా కరస్పాండెంటుగారికి చెప్పారు. ఆయన బడి యజమాని, మా తెలుగువాళ్ళే, మెయిన్ రోడ్డులో గ్రైండర్ల షాపు. పిల్లలు ఆయన్ని గ్రైండర్ తాత అంటారు. నన్ను షాపుకే పిలిపించారు.

"ఏమయ్యా మాస్టరూ, పిల్లోళ్ళు ఇంట్లో ఒక్క ముక్క ఇంగ్లీషు మాట్లాడరంట?"

"ఇంట్లో అందరికీ తెలుగొచ్చు కదండీ. మాట్లాడితే వాళ్ళవ్వలు కాఫీ ఇవ్వరు."

ఆయన పక్కనున్న గ్రైండరు మీద చెయ్యి వేశారు. "నా గ్రైండరు కొన్నోడు ఇంటికి పోయి పిండి తిరగలేదంటే, మా షాపులో తిరిగె కదయ్యా అని చెప్తానా? వారంటీ ఇస్తా. నీ ఇంగ్లీషుకి నువ్వేమిస్తావు?"

నా దగ్గర ఉన్నది రెండు రంగుల చెవుల బొమ్మ.

సంగతేమిటంటే, ఒక కంపెనీ పెద్ద స్క్రీను అమ్ముతోంది. అది మాట్లాడుతుంది, పిల్లలు తిరిగి అంటారు. ఐదో తరగతిలో అప్పటికే ఒకటి పెట్టారు, నేను చూశాను. స్క్రీను 'హౌ ఆర్ యూ' అంటుంది. పిల్లలందరూ ఒక్క గొంతుతో 'హౌ ఆర్ యూ' అంటారు. బాగున్నామని ఎవరూ ఎవరికీ చెప్పరు. ఇప్పుడు ఆ కంపెనీవాళ్ళు వచ్చి ఒకటో తరగతిని పరీక్ష చేస్తారు. పిల్లలు ఇంగ్లీషులో జవాబు చెప్తే నా తరగతి నాది. చెప్పకపోతే స్క్రీను వస్తుంది, నేను ఆఫీసులో వ్యాను పిల్లల లెక్క చూసుకుంటాను. బొమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదు. దానికి సీనియారిటీ లేదు.

నేను భయపడలేదు. చుట్టం కుర్చీలో కూర్చుంటే చాలు, పిల్లలు ఇరగదీస్తారు. ముందురోజు పిల్లలతో, "రేపు పెద్దవాళ్ళు వస్తున్నారు, మన చుట్టంతో ఎప్పటిలాగే మాట్లాడండి" అని మాత్రం చెప్పాను. అది మా ఆయమ్మ కూడా విన్నది. తరగతి ఊడ్చేదీ, పిల్లలకి ముక్కు తుడిచేదీ ఆవిడే.

ఆ పొద్దున వచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

"ఆయమ్మా, బొమ్మేది?"

"పెద్దోళ్ళొస్తుండారు కదా తంబీ. చుట్టం మురికిమురికిగా ఉండాడు, మనకేం మర్యాద? స్నానం చేయించినా." పెరట్లోకి చూపించింది. తీగ మీద పచ్చ చెవికి క్లిప్పు పెట్టి ఆరేసి ఉన్నాడు. తొండం నుంచి నీళ్ళు కారుతున్నాయి. బనీను గుడ్డ ఎంత నీళ్ళు తాగుతుందో అవినాశి మనుషుల్ని అడగండి.

బొమ్మని పిండి చూశాను. ఆరదు. గేటు దగ్గర కారు ఆగింది.

కరస్పాండెంటుగారు, హెచ్.ఎం. మేడం, కంపెనీ ఆయన వచ్చారు. వాళ్ళ వెనక ఒక అమ్మాయి. ఈశాన్యం వైపు కొండల నుంచి వచ్చి ఆ కంపెనీలో కొత్తగా చేరిందట. ముగ్గురికీ కుర్చీలు వేసి ఉన్నాయి. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, ముందున్న ఖాళీ కుర్చీలో కూర్చుంది. అది చుట్టం కుర్చీ. నేను గమనించలేదు. పిల్లలు గమనించారు.

కంపెనీ ఆయన మనిషి మంచివాడే. "గుడ్ మార్నింగ్ చిల్డ్రన్" అన్నాడు. పిల్లలూ అన్నారు. అక్కడితో ఆగితే బాగుండేది. మా ఫ్యాను నాలుగు నెలలుగా తిరగడం లేదు. ఆయన మేడం వైపు తిరిగి తమిళంలో, "రొంబ వేక్కయా ఇరుక్కే మేడం" అన్నాడు. చాలా ఉక్కగా ఉందని. పిల్లలు విన్నారు. నా పని అయిపోయిందని నాకు అప్పుడే తెలిసింది.

ఆయన ఎర్రబంతి ఎత్తిపట్టాడు. "వాట్ కలర్ ఈజ్ దిస్?"

"సివప్పు సార్" అంది ప్రశ్నల పిల్ల, తమిళంలో, ఎంతో వినయంగా.

"ఇన్ ఇంగ్లిష్?"

ఆ పిల్ల నా వైపు చూసింది. తమిళాయనతో ఇట్ల మాట్లాడితే తప్పు కదా మామా సార్ అన్నట్టుగా. ఆయన పెన్సిలు కేసు ముద్దాయిని లేపాడు. వాడూ తమిళంలోనే చెప్పాడు, ఇంకా వినయంగా. ఇంకొకరు, ఇంకొకరు. నా పిల్లలంత మర్యాదస్తులు ఆ రోజు కోయంబత్తూరు మొత్తం మీద లేరు. కరస్పాండెంటుగారికి ఓపిక పోయింది. స్వయంగా లేచి ఒక బుడ్డోణ్ణి అడిగారు.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?"

"తాతా, నన్ను నీకు తెలుసు కదా? మొన్న మా అమ్మతో షాపుకి వస్తి" అన్నాడు వాడు తెలుగులో. "గ్రైండరు ఇంకా కిరకిరమంటా ఉండాది."

కరస్పాండెంటుగారు కూర్చున్నారు. మేడం నేలకేసి చూస్తున్నారు. "స్క్రీను పెట్టించుకుందాం లేమ్మా" అన్నారాయన, మేడంతో, మెల్లగా. పిల్లలు మాట్లాడకపోవడానికి కారణం వాళ్ళ పెంపకం అని చెప్తే ఎవడు నమ్ముతాడు?

ఆ కొండల అమ్మాయి చున్నీతో విసురుకుంటూ కూర్చుని ఉంది. ఇక్కడి ఎండ ఆమెకి కొత్త. ప్రశ్నల పిల్ల బెంచీ దిగి, నన్ను అడక్కుండా, ఆమె ముందుకెళ్ళి నిలబడింది.

"అక్కా, నీకు తెలుగు వస్తాదా?"

ఆమె నవ్వింది. "సారీ?"

"తమిళ్ తెరియుమా?"

"సారీ, ఐ డోంట్ అండర్‌స్టాండ్."

ఆ పిల్ల తరగతి వైపు తిరిగింది. ఆ మొహం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. "ఒరేయ్! ఈ అక్కకి ఏమీ రాదురా!"

అంతే. సీసా మూత ఊడింది.

"యూ వాంట్ వాటర్?"

"ఓ! యెస్, ప్లీజ్" అంది ఆమె. గటగటా తాగింది.

"యూ ఈట్?"

"నాట్ యెట్."

తింటివా అంటే ఇంకా లేదంది. మా వీధుల్లో ఆ జవాబు విని ఊరుకున్నవాడు లేడు. బెంచీలన్నీ ఒక్కసారి కదిలాయి. డబ్బాలు తెరుచుకున్నాయి. "మై అమ్మా మేక్ లెమన్ రైస్. యూ టేక్!" "నో నో, దట్ వెరీ హాట్. టేక్ మై ఇడ్లీ." "యూ నో ఇడ్లీ? రౌండ్! వైట్!" "సిట్, సిట్, యూ ఈట్ స్లోలీ." ముద్దాయి మీద పాత కేసు కూడా తిరగదోడారు. "అక్కా, హీ టేక్ మై పెన్సిల్!" "ఓల్డ్ స్టోరీ, అక్కా! ఫినిష్!" ఆమె ఒక చేతిలో ఇడ్లీ, ఒక చేతిలో నిమ్మకాయ అన్నం పట్టుకుని ఇద్దరి వాదనా విన్నది. ఎక్కడి నుంచి వచ్చావు, కొండలుంటాయా, అమ్మ లేకుండా నీకెవరు వండుతారు, రాత్రి భయం వెయ్యదా. అన్నీ అడిగారు. వ్యాకరణం ఒక్క వాక్యంలోనూ లేదు. ఆమెకి అర్థం కాని మాట కూడా ఒక్కటి లేదు.

నా కళ్ళు చెమర్చాయని రాయాలని ఉంది. చెమర్చింది చొక్కా. ఫ్యాను సంగతి ఇందాకే చెప్పాను కదా.

కంపెనీ ఆయన గొంతు సవరించుకుని, "గ్రామర్ కొంచెం..." అన్నాడు.

కరస్పాండెంటుగారు వినలేదు. ఆయన చూస్తున్నది వ్యాపారి చూపుతో. ముద్దాయి తన రబ్బరు ఆమె చేతిలో పెట్టి, ఆమె పెన్ను వైపు చూపిస్తూ, "ఐ గివ్ దిస్. యూ గివ్ దట్?" అంటున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. వాడు సగం ఇడ్లీ కలిపాడు.

"బేరం చేస్తుండాడు!" అన్నారు కరస్పాండెంటుగారు, ఆనందంగా. ఆ తరవాత కంపెనీ ఆయన వైపు తిరిగారు. "అవునుగానీ, మీ స్క్రీనుని పిల్లోడు అన్నం తింటివా అని అడిగితే, అది ఏం చెప్తాది?"

ఆయన నిజాయితీపరుడు. ఆలోచించాడు. "అది నెక్స్ట్ వెర్షన్‌లో వస్తుంది సార్."

"అది వచ్చినప్పుడు మీరు రండి."

మేలూరు క్వారీలోంచి పెద్ద బండ ఒకటి బయటపడింది. మేడం నవ్వారు. పళ్ళతో సహా. కరస్పాండెంటుగారు పోతూ పోతూ నా భుజం మీద చెయ్యి వేశారు. మెచ్చుకుంటారేమో అనుకున్నాను. "ఫ్యాను బాగుచేయించుకోవాలని తెలీదా?" అన్నారు. "చుట్టాలొచ్చే చోటు!"

నా తరగతి నాకు దక్కింది. తరవాత రెండేళ్ళు బొమ్మతోనే నడిపించాను. ఇప్పుడది కొత్త మాస్టరు చేతికి వచ్చింది. పచ్చ చెవి కొంచెం సాగింది, క్లిప్పు గుర్తు.

ఇక్కడికి ముగించొచ్చు. కానీ అసలు గెలుపు ఇది కాదు, పెరట్లో జరిగింది.

పిల్లలు ఆ అమ్మాయిని వదల్లేదు. చెయ్యి పట్టుకుని తీగ దగ్గరికి లాక్కుపోయారు. "హీ ఈజ్ అవర్ గెస్ట్" అని పరిచయం చేసింది ప్రశ్నల పిల్ల. "టుడే హీ బాత్." ఆమె పడీ పడీ నవ్వి, తడి తొండం పట్టుకుని ఊపి, దానితో ఏదో అంది. ఇంగ్లీషు కాదు. ఆమె ఇంటి భాష.

ప్రశ్నల పిల్ల మొహంలో మొదట్లో చూసిన ఆ చిన్నబోవడమే మళ్ళీ వచ్చింది. నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"మామా సార్, ఈ అక్కకి ఇంకో బాష ఉండాది! ఇంగ్లీషు ఈ అక్కది కాదు!"

"అవును."

"అయితే మనం తప్పుగా అడిగినాం కదా!"

అంటూనే తిరిగి పరుగెత్తింది. ఆమె చున్నీ లాగి, నేనెప్పుడూ నేర్పని వాక్యం ఒకటి తనే కట్టుకుని అడిగింది. "అక్కా, యువర్ హౌస్, యువర్ అమ్మా, 'యూ ఈట్?' హౌ సే?"

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. మెల్లగా, విడదీసి చెప్పింది. ఆ పిల్ల అంది. మళ్ళీ చెప్పింది, అందరూ అన్నారు. ఆయమ్మ కూడా చీపురు పట్టుకునే అంది. కారు హారను కొడుతున్నా ఆమె లేవలేదు, ఇంకోసారి అనమని అడిగింది. ఇంగ్లీషుని గుమ్మంలా దాటి వాళ్ళు ఆ పక్కకి పోయారు. నేను మాత్రం తీగ పక్కనే, చుట్టంతోపాటు ఉండిపోయాను.

ఆమె ఇప్పటికీ అప్పుడప్పుడు శనివారాలు వస్తుంది, కంపెనీ పని మీద కాదు. గేటు దగ్గర కనబడగానే పిల్లలు ఆ మాటతోనే పలకరిస్తారు. నాకది ఎంత ప్రయత్నించినా పలకదు. ప్రశ్నల పిల్ల రోజూ నన్ను నిలబెట్టి పలికిస్తోంది. నోరు తిరగకపోతే, కప్పలా గెంతి చూపిస్తోంది.